వ్యాధి వదలిన పిదప

మన యిండ్లలో ఎవరికైనను పెద్దజబ్బు చేసి తేరుకొన్నచో ఇరుగుపొరుగు వారందఱును వచ్చి "గండము గడిచి పిండము బయటపడినది" అని సంతోషింతురు. తిరుపతికి మ్రొక్కు చెల్లింతుము. సత్యనారాయణ వ్రతము చేయుదుము. పేరంటాండ్రకు పసుపు కుంకుమ లిత్తుము. అంతటితో ఆ కథ ముగిసినదని తలంతుము. ఆ జబ్బు మాట మరల నెత్తుటయే అశుభమని పెద్దలు నోరు నొక్కుదురు. మేమును మొన్నమొన్నటి దాక అట్లే తలంచుచుంటిమి. 2024వ సంవత్సరము భోగినాడు మా యింట జరిగిన యొక చిన్న సంగతి మా తలంపును మార్చివేసినది. దానిని సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కాపురము చిక్కడపల్లిలో. వేంకటేశ్వరస్వామి యాలయమునకు దాపుననున్న సందులలో నొకటి. మావారు నారాయణగూడలో నొక పాఠశాలయందు ఉపాధ్యాయులు. మా వదినగారు, అనగా మావారి యక్కగారు, నారాయణగూడలోనే కాపురమున్నారు. 1999లో వారికి 20 ఏండ్ల ప్రాయమున మెడప్రక్కను బఠాణీ గింజలవలె గ్రంథులు లేచినవి. నొప్పి లేదు. కాని రాత్రులు ప్రక్కబట్టలు తడియునంత చెమట, సాయంకాలపు జ్వరము, నానాటికి చిక్కిపోవుట. మొదట క్షయయని తలంచి దానికి మందులు వాడించిరి. పిదప గ్రంథి నొకదానిని కోసి పరీక్షింపగా హాడ్జికిన్ లింఫోమా యని తేలినది. ఇది మన శరీరమంతట దారములవలె వ్యాపించియుండు శోషరస నాళములకును, వానియందలి గ్రంథులకును వచ్చు క్యాన్సరు. ఆఱు నెలలు మందులెక్కించిరి. తరువాత మెడకును ఱొమ్మునకును కిరణచికిత్స జరిపిరి. తలవెండ్రుక లన్నియు రాలినవి, మరల మొలిచినవి. అయిదేండ్లు క్రమముగా పరీక్షలకు వెళ్లిరి. అయిదవయేట వైద్యులు "ఇక మీరు రానక్కఱలేదు" అనిరట. ఆ మాట విని మా యత్తగారు వీధివీధంతయు బొబ్బట్లు పంచిరని నేటికిని చెప్పుకొందురు. పిమ్మట పెండ్లియయ్యెను. ఒక కుమారుడు కలిగెను. వాని కిప్పుడు మీసములు వచ్చినవి.

2023 దసరా పోయిన తరువాత వదినగారికి మెట్లెక్కిన ఆయాసము రాసాగినది. చిక్కడపల్లి మెట్రో స్టేషను మెట్లు సగమెక్కి కమ్మీ పట్టుకొని నిలబడిపోవుచుండిరి. ఒళ్లు వచ్చినదని అందఱమును పరిహాసమాడితిమి. మేమును ఆడితిమి, దాచుటయెందుకు? చలి కోర్వలేకపోవుట, పగటిపూట కునికిపాట్లు, జుట్టు పలుచబడుట, ఇవియన్నియు నలుబదులు దాటిన యాడవారికి మామూలేగదా యని సరిపెట్టుకొంటిమి. చివరకొక వైద్యురాలి యొద్దకు తీసికొనిపోగా ఆమె మెడప్రక్కనున్న పాత గాటును చూచి, మూడు ప్రశ్నలడిగెను. అప్పుడిచ్చిన మందులేవి? మొత్తము మోతాదు ఎంత? కిరణములు ఎక్కడ, ఎన్ని గ్రేలు పెట్టిరి? వదినగారికి తెలియదు. అన్నయ్యగారికి తెలియదు. చికిత్స జరిగినచోట విచారింపగా అంత పాత కాగితములు లేవనిరి. "ఎఱ్ఱని మందొకటి ఎక్కించెడివారు, ఆనాడు నీరుడు కూడ ఎఱ్ఱగా పోయెడిది" అని మాత్రము వదినగారు చెప్పగలిగిరి.

ఇక భోగినాటి సంగతి. తెల్లవాఱుజామున మా యత్తగారు అటకమీది పాత సామానెల్ల దింపించిరి. విఱిగిన పీట, చిల్లులుపడిన జల్లెడ, ఎలుకలు కొట్టిన తట్ట, వానితోపాటు పురికొసతో కట్టిన గుడ్డసంచి యొకటి. దానిలో నేముండునో ఆవిడకు తెలియును. "ఆ పీడ కాగితాలు ఇంకా ఇంట్లో ఎందుకే అమ్మాయీ, మంటలో పడెయ్. ఇవ్వాళ్టితో విరగడైపోతుంది" అనిరి. మేమును ఆ సంచి తీసికొని మంటవద్దకు పోయితిమి. విసరుటకు చేయి కూడ నెత్తితిమి. మావారు పండ్లు తోముకొనుచు వచ్చి, అదేమని యడిగి, మాచేతినుండి సంచి లాగికొనిరి. వారి కప్పుడు 15 ఏండ్లట. అక్కగారికి మందెక్కించు దినములలో బడి యెగగొట్టి ప్రక్కను కూర్చుండెడివారట. ఆ సంచిని వారు గుర్తుపట్టిరి.

ఆ దినమంతయు మాయింట పిండివంటల జోలి యెవ్వరికిని లేదు. మావారు కండ్లద్దములు పెట్టుకొని ఒక్కొక్క కాగితమును బల్లపై పఱచి, పిల్లల పరీక్షపత్రములు దిద్దినట్లు లెక్కగట్టిరి. ఎఱ్ఱమందు పేరు అడ్రియమైసిను. ఒక్కొక్క విడతకు శరీరవైశాల్యములో చదరపు మీటరునకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఆఱు విడతలు. మొత్తము 300. కిరణములు మెడకును ఱొమ్ము నడుమకును చంకలకును 36 గ్రేలు. ఈ రెండంకెల కొఱకే వైద్యురాలు వెదకుచుండినది.

ఈ మందుల పుట్టుపూర్వములు కొంచెము చెప్పక తప్పదు. లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ హాడ్జికిన్ 1832లో ఈ గ్రంథుల వ్యాధిని వర్ణించెను. ఆ తరువాత నూఱేండ్లకు పైగా దీనికి తగిన మందు లేదు. 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున, యుద్ధములో మనుష్యులను చంపుటకు పుట్టిన ఆవపు విషవాయువునకు దగ్గఱి చుట్టమైన మందును గ్రంథుల క్యాన్సరుతో నున్న రోగి యొకనికిచ్చి చూచిరి. గడ్డలు కరగినవి, మరల వచ్చినవి. కాని మందుతో క్యాన్సరును కరగింపవచ్చునను నాశ అప్పుడే పుట్టినది. ఆ రోజులలోనే మన భీమవరములో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు ఫోలిక్ ఆమ్లమునకు ప్రత్యర్థులైన మందులను తయారుచేయించుచుండిరి. వానిలోని మెథోట్రెక్సేటు నేటికిని కొన్ని లింఫోమాలకు వాడబడుచున్నది. 1948లో ఆయన పోవునాటికి తాను చేసిన మేలెంతటిదో ఆయనకే పూర్తిగా తెలియదు. 1960లలో అమెరికా వైద్యులు నాలుగు మందులను కలిపి యిచ్చి హాడ్జికిన్ వ్యాధిని నిజముగా నయము చేయవచ్చునని నిరూపించిరి. 1970లలో ఇటలీలోని మిలాను నగరమున బొనడొన్న యను వైద్యుడు వేఱు నాలుగు మందుల కూర్పును కనిపెట్టెను. మా వదినగారి కిచ్చినది అదియే.

ఆ నాలుగింటిలో ఎఱ్ఱమందు ఇటలీలో ఒక పాతకోట దగ్గఱి మట్టియందలి సూక్ష్మజీవినుండి పుట్టినది. దానికి దాపుననున్న ఏడ్రియాటిక్ సముద్రముపేర ఆ మందునకు పేరు పెట్టిరి. మఱియొకటి మన పెరటి బిళ్ళగన్నేరులోనిది! ఇంటిముందు కుండీలో తెల్లగను గులాబి రంగుగను పూచి, ఎండకును వానకును లెక్కచేయని ఆ మొక్కనుండియే విన్‌బ్లాస్టిను, విన్‌క్రిస్టిను అను రెండు మందులు వచ్చినవి. (మధుమేహమునకు మంచిదని ఆ ఆకులు నమలు వారిని మేము చిక్కడపల్లిలోనే చూచితిమి. అమ్మలారా, అది విషము. ఆసుపత్రిలో తూచి తూచి యిచ్చునది ఇంటిలో గుప్పెడు నమలవచ్చునా?)

ఇట్లు మందులు కుదిరిన తరువాత, మంచి చికిత్స సకాలమున నందినచోట హాడ్జికిన్ రోగులలో నూటికి 80 మందికి పైగా బ్రదుకుచున్నారు. యౌవనములో వచ్చు వ్యాధి గనుక వారు నయమైన పిదప 30, 40 ఏండ్లు జీవింతురు. ఆ దీర్ఘాయువు మూలముననే క్రొత్త సంగతి బయటపడినది. 1960, 70లలో నయమైనవారిని వైద్యులు విడువక కనిపెట్టి చూడగా, 15, 20 ఏండ్లు గడిచిన పిదప లింఫోమాచే కాక హృద్రోగముచేతను, వేఱొక క్యాన్సరుచేతను బాధపడువారు ఎక్కువగా కనబడిరి. రోగమును చంపిన మందే శరీరములో తన జాడ విడిచిపోయినది. క్షీరసాగరము మథించునపుడు లోకముల కాపాడుటకై శివుడు మ్రింగిన విషము కంఠమున నిలిచినట్లు, ఇచ్చటను విషము మొదట నిలుచుచోటు కంఠమే యగుట విచిత్రము. మెడకు కిరణములు సోకినవారిలో థైరాయిడు గ్రంథి మెల్లమెల్లగా, ఒక్కొక్కప్పుడు పది పదునైదేండ్లకు, పనిచేయుట మానును. మా వదినగారి చలి, కునుకు, జుట్టు రాలుట, ఒళ్లు వచ్చుట ఇవన్నియు దాని లక్షణములే. ఏడాదికొకసారి చిన్న రక్తపరీక్ష చేయించిన తెలిసిపోవును. ప్రతిదినము పరగడుపున నొక మాత్ర వేసికొన్నచో చక్కబడును. ఇంత సులువైన దానికి మేము ఎంతకాలము పరిహాసమాడితిమో తలంచిన సిగ్గగుచున్నది.

ఆయాసమునకు మాత్రము థైరాయి డొక్కటియే కారణము కాదు. ఎఱ్ఱమందు హృదయకండరమును బలహీనపఱచును. ఇచ్చిన మొత్తము పెరిగినకొలది ప్రమాదము పెరుగును. చదరపు మీటరునకు 250 దాటినవారిని మఱింత జాగ్రత్తగా చూడవలెనందురు. వదినగారిది 300. దానిపై ఱొమ్మునకు కిరణములు సోకినచో హృదయపు కవాటములు గట్టిపడుట, హృదయమునకు రక్తము తెచ్చు నాళములు ఇఱుకగుట పడుచువారిలో కూడ రావచ్చును. వదినగారికి ఎకో పరీక్ష చేయగా కండరము బాగున్నది గాని, బృహద్ధమని కవాటము దళసరెక్కి కొంచెము కారుచున్నదని తెలిసినది. ఇప్పటికి శస్త్రము అక్కఱలేదు. ఏటేట చూపించుకొనవలెను. రక్తపుపోటు, చక్కెర, కొవ్వు హద్దులో నుండవలెను. నడక మానరాదు. ప్రతి యుదయమును అశోక్ నగర్ ప్రక్కనున్న ఇందిరాపార్కులో వారు మెల్లగా నాలుగు చుట్లు తిరుగుదురు. మేమును వెంట పోవుదుము. మధ్య నొక బల్లపై కూర్చుండుట మా నియమము.

అసలు మాట యింకను చెప్పలేదు. వైద్యురాలు కాగితములు చదివి, "రొమ్ము పరీక్ష ఎప్పుడు చేయించుకొన్నారు?" అని యడిగెను. ఎప్పుడును లేదు. 30 ఏండ్ల లోపున ఱొమ్మునకు కిరణచికిత్స పొందిన స్త్రీలకు తరువాతి కాలములో రొమ్ముక్యాన్సరు వచ్చు ప్రమాదము చాల హెచ్చు. బాల్యమునను యౌవనారంభమునను పొందినవారిలో ఆ ప్రమాదము, బీఆర్‌సీఏ అను జన్యులోపమును పుట్టుకతో పొందిన స్త్రీల ప్రమాదముతో పోల్చదగినదని పరిశోధకులు చూపిరి. అందుచేత ఇట్టివారికి చికిత్సయైన ఎనిమిదేండ్లనుండియే ఏటేట మామోగ్రామును, దానితోపాటు ఎం.ఆర్.ఐ. పరీక్షయు చేయించవలెనని నేటి వైద్యవిధి. అనగా మా వదినగారికి 2007నుండి జరుగవలసినది. 2024 వచ్చినది. 17 ఏండ్లు!

ఎవరిని తప్పుపట్టుదుము? 1999లో చికిత్స చేసినవారు ప్రాణము నిలిపిరి. నాటికి వారికి తెలిసినదంతయు చేసిరి. అయిదేండ్లకు "ఇక రానక్కఱలేదు" అనిరే, ఆ యొక్క మాట మాత్రము మా మనస్సున ముల్లువలె నున్నది. లింఫోమాకై రానక్కఱలేదు, నిజమే. తక్కిన శరీరమునకై రావలసియుండినదని చెప్పువారు లేకపోయిరి.

ఫిబ్రవరిలో మామోగ్రాము తీసిరి. ఎడమవైపున ఉప్పురవ్వలు చల్లినట్లు తెల్లని చుక్కలు. చేతికి తగులునట్టి గడ్డ లేదు. సూదితో తీసి పరీక్షింపగా, పాలనాళములలోనే యుండి బయటికి ప్రాకని తొలిదశ క్యాన్సరని తేలినది. ఆ దినము వదినగారు మా యింటికి వచ్చి వంటగదిలో పీటమీద కూర్చుండి, "మళ్లీ మొదటికొచ్చిందా?" అని ఒక్కమాటయే అడిగిరి. మాకు బదులు తోచలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీయుచుంటిమి. ఆవిడయు చేయి కలిపి ఈనెలు తీసిరి. అంతే.

ఇట్టి తొలిదశలో సాధారణముగా ఆ భాగమును మాత్రము తీసి, మిగిలిన రొమ్మునకు కిరణములు పెట్టుదురు. వదినగారికి అట్లు చేయుటకు వైద్యులు ఇష్టపడలేదు. ఒకసారి కిరణములు సోకినచోట మరల పెట్టుట మంచిది కాదు. ఆ సంచియే లేకపోయినచో ఎన్ని గ్రేలు ఎక్కడ పడినవో వారికెట్లు తెలియును? రొమ్మునంతయు తీసివేసిరి. కీమో అక్కఱలేకపోయినది. మత్తు ఇచ్చు వైద్యుడు కూడ ఆ కాగితములు చూచి మఱియొక సంగతి గమనించెను. నాలుగు మందులలో బ్లియోమైసి నొకటి. అది ఊపిరితిత్తులను గట్టిపఱచు గుణము గలది. అది పుచ్చుకొన్నవారికి శస్త్రకాలమున అవసరమునకు మించిన ప్రాణవాయువు నీయరాదని జాగ్రత్తపడుదురు. ఏ శస్త్రమునకు పోయినను, అది పన్ను తీయుట కంటె పెద్దదైనచో, ఈ మాట ముందుగా చెప్పవలసినదే.

ఈ సంగతి తెలిసిన పిదప మేము మా చుట్టుప్రక్కల విచారింపసాగితిమి. లింఫోమా చేసి నయమైనవారు ఇంతమంది యున్నారా యని ఆశ్చర్యపడితిమి. దాచుకొనుటచే తెలియదు. మాకు రవికెలు కుట్టిపెట్టు ఆమెకు 50వ యేట వేఱొక రకపు లింఫోమా వచ్చి, రెండేండ్ల క్రిందట చికిత్స ముగిసినది. బిళ్ళగన్నేరు మందు ఆమె వ్రేళ్లకు తిమ్మిరి విడిచిపోయినది. సూదిలో దారమెక్కింపలేదు. గుండీలు తడుముకొనును. పాదములకు చెప్పు జాఱినను తెలియదు. కొన్ని నెలలలో చాలవఱకు తగ్గునందురు, ఆమెకును తగ్గినది గాని పూర్తిగా కాదు. ఇప్పుడు కూతురు హుక్కులు కుట్టును, తాను మిషను త్రొక్కును. ఆమెకు రిటుక్సిమాబ్ అను మందు కూడ నిచ్చిరి. ఒకప్పుడు విదేశములనుండి వచ్చు ఈ మందును 2007లో మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ వారు తక్కువ వెలకు తయారుచేసి విడుదల చేసినందున ఎందఱికో అందుబాటైనది. ఇచ్చుటకు ముందు హెపటైటిస్ బి యున్నదేమో చూచి తీరవలెను, లేనిచో అణగియున్న ఆ కామెర్లు మరల లేచును. ఆ మందు పిదప చాలకాలము శరీరమునకు రోగనిరోధకశక్తి తక్కువగా నుండును. జ్వరము వచ్చినచో రెండు దినములు చూతమని కూర్చుండరాదు.

టీకాల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ఇన్‌ఫ్లుయెంజా, న్యూమోనియా టీకాలు ఇట్టివారికి మేలు. సజీవ క్రిములతో చేసిన టీకాలు మాత్రము వైద్యుని యడుగక వేసికొనరాదు. మన నారాయణగూడలోని నివారక వైద్యసంస్థలో ఆఫ్రికా దేశములకు పోవువారికి పచ్చజ్వరపు టీకా వేయుదురు గదా, అదియు సజీవమైనదే. అక్కడి కుమారుని చూడబోవు తల్లికి లింఫోమా చికిత్స జరిగియున్నచో, వరుసలో నిలబడకమునుపే తన క్యాన్సరు వైద్యుని యడిగి పోవలెను.

ఇక అశోక్ నగరులోని మా స్నేహితురాలి కొమార్తె సంగతి. దీనిని వ్రాయవచ్చునా యని ఆ పిల్లనే యడిగితిమి. "పేరు లేకుండా రాయండి పిన్నీ, ఎవరికైనా పనికొస్తుంది" అన్నది. ఆమెకు 26 ఏండ్లు. 2022లో హాడ్జికిన్ చికిత్స ముగిసినది. గ్రూపు పరీక్షలకు చదువుచున్నది. అశోక్ నగర్ అంతయు చదువుకొను పిల్లలతోను, కోచింగు బల్లలతోను నిండియుండుట మీ రెఱుగుదురు. నగర కేంద్ర గ్రంథాలయములో ప్రొద్దున చోటు పట్టుకొనుటయే యొక పరీక్ష. ఈ పిల్ల మునుపు ఒకసారి చదివిన పుట మఱువనిది. ఇప్పుడదే పుట మూడుసార్లు చదువును. మధ్యాహ్నము రెండు దాటినచో బొమ్మవలె వాలిపోవును. స్నేహితులు సోమరితనమనిరి, తండ్రి మనసు పెట్టుటలేదనెను. ఇది సోమరితనము కాదు. కీమో తరువాత అలసటయు మఱపును నెలలు, కొందఱికి ఏండ్లు ఉండుట వైద్యులెఱిగినదే. రక్తహీనత, థైరాయిడు, నిద్రలేమి, దిగులు ఇవి యున్నవేమో ముందు చూచి, లేనిచో కొలతగా వ్యాయామము చేయించిన కొంత మేలగును. ఆ పిల్ల ఇప్పుడు కష్టమైన పాఠము ప్రొద్దుననే ముగించి, ఒక నోటుపుస్తకములో వ్రాసికొని, మధ్యాహ్నము నిద్రించి, సాయంకాలము మరల పోవును.

దానికంటె పెద్ద చిక్కు పెండ్లి. నిరుడొక మంచి సంబంధము వచ్చినది. తల్లి మా యొద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొని, "చెప్తే కుదరదు, చెప్పకపోతే మనసొప్పదు" అనెను. చెప్పుమనియే మేమంటిమి. ఇది అంటువ్యాధి కాదు. ఆమెకిచ్చిన మందుల కూర్పు సాధారణముగా సంతానశక్తిని చెఱుపదు. పూర్వపు నాలుగు మందుల కూర్పునకును, సైక్లోఫాస్ఫమైడు హెచ్చుగా నిచ్చు పద్ధతులకును ఆ ప్రమాద మెక్కువ. అట్టివారిలో ముట్లు ముందే యుడుగుట, దానితో ఎముకలు గుల్లబాఱుట కలదు. చికిత్స మొదలిడకమునుపే అండములను భద్రపఱచు ఏర్పాటు నేడున్నది గాని, పెండ్లికాని పిల్లకు ఆ ప్రశ్న వేయుటకే మనవారు సంకోచింతురు. సంకోచమునకు ఫలము పిల్లది యనుభవించును. చికిత్స ముగిసి కొంతకాలమైన పిదప పుట్టిన బిడ్డలలో అంగలోపములు లోకులకంటె ఎక్కువగా కనబడలేదు. గర్భము ధరింపకమునుపు ఎఱ్ఱమందు పుచ్చుకొన్న తల్లికి ఎకో పరీక్ష చేయించవలెను. ఇవన్నియు ఒక కాగితముమీద వ్రాసి తల్లికిచ్చితిమి.

తల్లి చెప్పలేదు. పిల్లయే పెండ్లిచూపులనాడు ఆ అబ్బాయితో డాబామీద పది నిమిషములు మాటలాడుచు చెప్పివేసినది. అతడు మంచివాడు, శ్రద్ధగా వినెనట. వారము తిరుగకమునుపే జాతకములు కలియలేదని కబురు వచ్చినది. మూడు వారములక్రిందట ఆ జాతకములే ముప్పదియాఱింటికి ఇరువదియెనిమిది గుణములు కలిసినవని ఆ యింటివారే చెప్పిరి! తల్లి మమ్ము కొంతకాలము పలుకరింపలేదు. మా మాట తప్పని మేమిప్పటికిని తలంపము. పెండ్లియైన పిదప ఒకనాడు మెట్లెక్కి ఆయాసపడు కోడలిని చూచి అత్తవారు "ఏమి దాచితిరి?" అని యడుగు దినమును మేము తలంచుకొంటిమి. మా వదినగారి పెండ్లికి 2004లో మామగారు అన్నియు విప్పి చెప్పిరి. నలుగురు వెనుకకు పోయిరి. అయిదవవారు అన్నయ్యగారు. అట్లని ప్రతి పిల్లకును అయిదవవారు వత్తురని మేము మాట యీయలేము.

దాచుటవలన నష్టము ధనవిషయమునను గలదు. ఆరోగ్యబీమా పుచ్చుకొనునపుడు పాత జబ్బు దాచినచో, అవసరము వచ్చినప్పుడు సొమ్ము నిరాకరింతురు. చెప్పినచో కొంతకాలము వేచియుండవలెను. పూర్వము నాలుగేండ్ల వఱకు వేచియుండవలసిన ఆ గడువును 2024లో బీమా నియంత్రణసంస్థ మూడేండ్లకు తగ్గించినది. మాట మాత్రము ఆ కాగితములో వ్రాసి తీరవలెను.

మా వదినగారి సంచి కథ విన్న తరువాత అశోక్ నగరు పిల్ల తన చికిత్సనంతయు ఒక్క పుటలో వ్రాసికొన్నది. వ్యాధి పేరు, దశ, మందుల పేర్లు, ఒక్కొక్కదాని మొత్తము మోతాదు, మొదలు ముగింపు తేదులు, కిరణములు లేవను మాట, ఏ పరీక్ష ఏ యేడు చేయించవలెనో ఆ పట్టిక. వైద్యుని చేత సంతకము చేయించినది. ఆసుపత్రులలో నడిగిన ఇట్టి సారాంశపత్రము వ్రాసియిత్తురు, అడుగువారు కావలెను. ఒక నకలు తల్లి బీరువాలో, ఒకటి తన సంచిలో, ఒకటి ఫోనులో. మాచేత తెలుగులో కూడ వ్రాయించుకొన్నది, నాయనమ్మకు చదివి వినిపించుటకట.

వదినగారికి శస్త్రమై ఏడాది దాటినది. కుడిరొమ్మును, హృదయమును ఏటేట చూచుచున్నారు. ఆయాసము తగ్గినది. మెట్రో మెట్లు ఇప్పుడు ఒక్కసారి నిలిచి ఎక్కుదురు. ఒకనాడు మేము వెనుక నడచుచు లెక్కింపబోగా, "లెక్కపెట్టకు, దిష్టి తగులుతుంది" అని నవ్విరి.

ఆ గుడ్డసంచి ఇప్పుడు అటకమీద లేదు. మా యత్తగారు దానిని తామే ఉతికి, కాగితములను మరల సర్ది, తమ పట్టుచీరల బీరువాలో పెట్టిరి. 2025 భోగినాడు మేము మంట పేర్చి అగ్గిపుల్ల గీయబోవుచుండగా, ఆవిడ చేయి అడ్డము పెట్టి లోనికి పోయిరి. బీరువా తెఱచిన చప్పుడు వినబడినది. తిరిగి వచ్చి, "ఊ, వెలిగించు" అనిరి.